అతిథుల కోసం అరిచిన ఊరు: పాలకొల్లు దగ్గర ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బు ఆఖరి ఆట

కిందటి ఏడాది మా ఆయనకు స్కాట్లాండులో ఒక చిన్న ఊళ్ళో ఆఫీసు పని పడితే, నెల రోజులకని నేనూ వెనకాలే వెళ్ళాను. చూడాల్సిన కోటలన్నీ వానలోనే చూశాను. అయినా నాకు గుర్తుండిపోయింది కోటలు కావు, ఆ ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్బు. మేం అద్దెకున్న ఇంటి వెనకే వాళ్ళ హాలు. బయటినుంచి చూస్తే మన ఎరువుల గిడ్డంగిలా ఉంటుంది. లోపల నడవా పొడవునా ఫోటోలు. క్లబ్బు పెట్టిన రోజుల జట్టు, గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు, ఆ వరసలోనే గరిటెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ఫోటో ఒకటి. శనివారం ఆటలకు సూపు కాచి పోసేది వాళ్ళేనట. నాకు టీ ఇచ్చిన పెద్దావిడ, నేనూ కాలేజీలో ఆడేదాన్నని తెలుసుకుని, మీ క్లబ్బు కథ చెప్పమంది. నేను పుట్టిపెరిగింది రాజమండ్రి, ఆడింది కాలేజీ టీముకి. కానీ నా నోట్లోంచి వచ్చింది మాత్రం పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరి క్లబ్బు కథ. ఆ ఊళ్ళో ఒక టోర్నమెంటుకి వెళ్ళి వారం కూడా ఉండలేదు నేను. చెప్తూ చెప్తూ సగంలో ఆగిపోయాను. ఆ తర్వాత ఆ క్లబ్బు ఏమైందో నాకే తెలియదు.

ఇంటికి తిరిగొచ్చాక పాత టీం అమ్మాయిల్ని ఒక్కొక్కరినే పట్టుకుంటే, క్లబ్బు సెక్రటరీ సత్యనారాయణరాజు గారి నంబరు దొరికింది. ఫోన్ చేసి ఫలానా అని చెప్పగానే ఆయన, "రాజమండ్రి అమ్మాయా! మంచి టైముకి చేశారమ్మా. ఈ ఆదివారం ఆఖరి ఆట పెడుతున్నాం, వచ్చే నెల నుంచి గ్రౌండ్ ఉండదు" అన్నారు. దీని గురించి రాస్తానంటే, ఊరి పేరు మాత్రం రాయొద్దన్నారు. "చదివినవాళ్ళు ముచ్చటపడి వచ్చేస్తే చూపించడానికి ఏముందని?" అన్నది ఆయన బాధ. కాబట్టి పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో, కాలువ పక్కన ఒక ఊరు అనుకోండి చాలు.

రాజమండ్రి కాంప్లెక్సులో ఏడు గంటల లోపే బస్సు ఎక్కాను. రావులపాలెం, సిద్ధాంతం వంతెన, పెనుగొండ, మార్టేరు మీదుగా పాలకొల్లు చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. టిక్కెట్టు నూట యాభై లోపే. ఎడమ పక్క కిటికీ దొరికితే వదులుకోకండి, వంతెన మీద గోదావరి అటే బాగా కనిపిస్తుంది. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు ఆత్రేయపురం పూతరేకులు కిటికీ దగ్గరికే తెచ్చారు. చేతులూపుకుంటూ ఒకరింటికి వెళ్ళకూడదు కదా, బెల్లంవి రెండు డబ్బాలు తీసుకున్నాను. పెనుగొండ దాటాక రెండో పంటకి దాళ్వా నాట్లు పడిన చేలు పచ్చగా ఉన్నాయి. పాలకొల్లు దగ్గరపడుతున్నకొద్దీ చేలు తగ్గి రొయ్యల చెరువులు ఎక్కువయ్యాయి. కాలేజీ రోజుల్లో నేను వెళ్ళిన దారి ఇదేనా అని నాకే అనుమానం వచ్చింది.

పాలకొల్లు బస్టాండు బయట షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ముప్ఫై రూపాయలు. నిండేదాకా కదలవు. డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని, బాస్కెట్‌బాల్ గ్రౌండ్ దగ్గర దింపమన్నాను.

"రొయ్యల మేత గొడౌనా అండి?" అన్నాడతను.

"గొడౌన్ కాదు బాబూ, గ్రౌండ్. ఇవాళ ఆట ఉందట."

"అదేనండి. గొడౌన్ కట్టేస్తారు కదండి, అందరం ఇప్పట్నుంచే అలా అనేస్తున్నాం. ఆటేం ఆటండి?"

దిగి చూస్తే గ్రౌండ్ గోడ మీద ఆట ఫ్లెక్సీ ఉంది, అతను రోజూ దాని ముందు నుంచే వెళ్తున్నాడు. నాకు చిరాకేసింది. అతన్ని అని ఏం లాభం?

రాజు గారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. డెబ్భై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పంచె, కాళ్ళకి మాత్రం ఆటగాళ్ళ బూట్లు. గ్రౌండ్ చూసి ఆశ్చర్యపోయాను. మేం ఆడినప్పుడు ఇది బియ్యం మిల్లు వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం. పొద్దున ధాన్యం ఎండేది, సాయంత్రం దాన్ని కుప్పచేసి, ఊడ్చి, ఆడేవాళ్ళం. ఇప్పుడు నున్నటి కోర్టు, నాలుగు వైపులా ఫ్లడ్‌లైట్లు, రేకుల కప్పు వేసిన గ్యాలరీ, అందులో ఫ్యాన్లు కూడా. ఇంత బాగున్నదాన్ని ఎందుకు తీసేస్తున్నారని అడిగాను. "స్థలం మిల్లు వాళ్ళదమ్మా. జనం నిండుగా వస్తుంటే వాళ్ళూ అడిగేవాళ్ళు కాదు. ఖాళీగా పడుంది కదా, ఇచ్చేయమన్నారు. తప్పు పట్టలేం" అన్నారాయన. ఆయన ఆశ ఒక్కటే, ఈ ఆఖరి సాయంత్రమైనా గ్యాలరీ నిండాలి. మూడు రోజులుగా ఆటోకి మైకు కట్టించి ఊరంతా తిప్పుతున్నారు. మధ్యాహ్నం లోపు "వస్తారంటారా అమ్మా?" అని ఎన్నిసార్లు అడిగారో.

క్లబ్బు గదిలో కూర్చోబెట్టి చరిత్ర చెప్పారు. ఊరి హైస్కూలుకి బదిలీ మీద వచ్చిన ఒక డ్రిల్లు మాష్టారు బంతి తెచ్చారు, మిల్లు యజమాని కళ్ళం ఇచ్చారు. నాలుగేళ్ళు తిరిగేసరికి వేసవి టోర్నమెంటు పెట్టే ధైర్యం వచ్చింది. కాకినాడ, ఏలూరు, గుంటూరు టీములన్నీ వస్తామన్నాయి. దించడానికి మాత్రం ఊళ్ళో లాడ్జి లేదు, సత్రం లేదు. అప్పుడు పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. టోర్నమెంటు ముందురోజు ప్రతి వీధి నుంచీ ఆడవాళ్ళు కళ్ళం దగ్గరికి వచ్చి చీటీ తీయాలి. చీటీలో ఏ టీము పడితే ఆ టీము వాళ్ళ ఇంట్లోనే తిని, వాళ్ళ అరుగు మీదే పడుకోవాలి. "మాకు గుంటూరు పడింది, కారం ఎక్కువ వెయ్యాలి" అని ఆ సాయంత్రం నుంచే హడావుడి. ఏ ఇంటి కోడలు ఏం వండిందో ఊరంతా తెల్లారేసరికి తెలిసిపోయేది.

అంతవరకూ నాకు తెలిసిందే. తమాషా ఏమిటంటే, ఆట మొదలయ్యాక ఊరు ఊరంతా తమ ఇంట్లో దిగినవాళ్ళ కోసమే అరిచేది. సొంత క్లబ్బు కోసం అరిచే దిక్కు లేదు.

"ఫైనల్లో మాకూ ఏలూరుకీ ఆట. ఏలూరు వాళ్ళు దిగింది మా ఇంట్లోనే" అని రాజు గారు నవ్వుతూ చెప్పారు. "వాళ్ళ కుర్రాడొకణ్ణి నేను అడ్డుపడి ఆపుతున్నాను. పక్కనుంచి మా అమ్మ, 'ఒరేయ్, ఆ అబ్బాయిని తోయకురా, పొద్దున్న సరిగ్గా తినలేదు' అని కేక! నాకు నవ్వాగలేదు, వాడు బంతి వేసేశాడు. సొంత టోర్నమెంటు మేం ఒక్కసారి కూడా గెలవలేదమ్మా."

గోడకి ఫోటోలున్నాయి. ప్రెసిడెంట్లు, విరాళమిచ్చినవాళ్ళు, ఆటగాళ్ళు, కప్పు అందిస్తున్న పెద్దమనుషులు. చీటీ తీసిన ఒక్క ఆడమనిషి ఫోటో కోసం గదంతా వెతికాను, లేదు. ఆ సంగతి ఆయనతో అనలేదు, అప్పటికి అది నాకూ పెద్ద విషయంగా తోచలేదు.

మిగతా కథ చెప్తున్నప్పుడు రాజు గారి గొంతు మారింది. రొయ్యల చెరువులతో ఊళ్ళోకి డబ్బు వచ్చింది. కమిటీ వాళ్ళు కోర్టు వేయించారు, లైట్లు పెట్టించారు, గ్యాలరీ కట్టారు. అదే ఊపులో, పాపం ఆడవాళ్ళకి వేసవిలో పొయ్యి దగ్గర చాకిరీ ఎందుకని, టీములకి పాలకొల్లు లాడ్జిలో గదులు తీసుకుని, గ్రౌండ్ దగ్గరే వంటవాళ్ళని పెట్టారు. ఆ ఏడాదే జనం సగమయ్యారు. మరుసటి ఏడాది ఫ్యాన్లు పెట్టారు. లక్కీ డ్రాలో మిక్సీ పెట్టారు, డ్రా అవగానే జనం లేచి వెళ్ళిపోయారు. టీవీలు చెడగొట్టాయనుకున్నారు, క్రికెట్ అనుకున్నారు, ఫోన్లు అనుకున్నారు. తర్వాత పిల్లలూ రావడం మానేశారు. సొంత టీము పోయి కూడా చాలా కాలమైంది. ఇవాళ ఆడబోయేది భీమవరం నుంచి, రాజమండ్రి నుంచి వచ్చే కాలేజీ అమ్మాయిలు.

మధ్యాహ్నం భోజనానికి బిర్యానీ ప్యాకెట్లు వస్తాయన్నారు. నేను మాత్రం అప్పట్లో మా టీము దిగిన ఇంటికి బయల్దేరాను. రెండు వీధుల అవతల వెంకటలక్ష్మి గారి ఇల్లు. అప్పుడు మేం ఆంటీ అంటే ఊరుకోలేదావిడ, పిన్నీ అని పిలిపించుకుంది. గేటు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"రాజమండ్రి టీం పిన్నీ. ఎడమచేత్తో ఆడేదాన్ని."

"అన్నం కూడా ఎడమచేత్తో తింటుందేమోనని హడలిపోయాను, ఆ పిల్లవేనా! రా, రా. ఎండన పడి వచ్చావు, ఏమన్నా తిన్నావా?"

వద్దన్నా వినే మనిషి కాదు, నేను గట్టిగా వద్దనలేదు కూడా. ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర, చారు, గడ్డపెరుగు. ఆ వంకాయ కూర కోసమైనా మధ్యలో ఒకసారి రావాల్సింది అనిపించింది. చెయ్యి కడుక్కుంటూ, సాయంత్రం ఆటకి వస్తున్నారా అని అడిగాను.

"ఎవరెవరికి ఆట?"

"భీమవరం అమ్మాయిలకీ, మా రాజమండ్రి అమ్మాయిలకీ."

"ఎవరింట్లో దిగారు?"

"ఎక్కడా దిగలేదు పిన్నీ. బస్సులో వస్తారు, ఆడేసి అదే బస్సులో వెళ్ళిపోతారు."

"మరి నేనొచ్చి ఎవర్ని చూడనమ్మా?"

హాస్యమాడుతోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కంచం తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, అసలు సంగతి చెప్పింది. ఇళ్ళల్లో టీముల్ని దించిన ఆఖరి ఏడాది ఆవిడకి కాకినాడ కుర్రాళ్ళు పడ్డారు. వాళ్ళల్లో ఒకడికి వాంతులు, విరేచనాలు పట్టుకుని, పాలకొల్లు తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. మర్నాటికి తేరుకున్నాడు. కానీ తర్వాతి ఏడాది చీటీలు లేవు, లాడ్జి అన్నారు.

"మన మగవాళ్ళు మర్యాదస్తులు కదమ్మా. నీ ఇంటి తిండి తిని కుర్రాడు పడిపోయాడు, ఇంక ఎవరింట్లోనూ దించం అని మొహం మీద అంటారా? ఆడవాళ్ళకి శ్రమ తగ్గించాం అన్నారు. నా మూలంగా వీధి వీధికీ టీము లేకుండా పోయింది. ఇంక ఏ మొహం పెట్టుకుని గ్రౌండ్‌కి వెళ్ళను?"

"వీధిలో ఎవరైనా ఏమన్నా అన్నారా పిన్నీ?"

"ఒక్కళ్ళూ అనలేదు. అంటే బాగుండేది, వాడికి నేనేం పెట్టానో చెప్పేదాన్ని. మిగతావాళ్ళూ వెళ్ళడం మానేశారు. వాళ్ళ పిల్లలు అక్కడ లేరు కదా మరి."

వాళ్ళ పిల్లలు అని ఆవిడ అన్నది అతిథి టీముల గురించి. ఈ ఊరి జనం ఏనాడూ బాస్కెట్‌బాల్ చూడటానికి వెళ్ళలేదని, తమ చేతి అన్నం తిన్న పిల్లలు ఎలా ఆడుతున్నారో చూడటానికి వెళ్ళారని నాకు అప్పుడు అర్థమైంది. ఫ్యాన్లు పెట్టినా, మిక్సీలు పెట్టినా ఎందుకొస్తారు?

గబగబా గ్రౌండ్‌కి వచ్చి రాజు గారికి చెప్పాను. ఆయన చేతిలో మైకు వైరు చుట్ట ఉంది. అది అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"ఆ కాకినాడ కుర్రాడా? వాడు మా తోటలో దూరి పచ్చి మామిడికాయలు ఉప్పూకారంతో ఎడాపెడా తిన్నాడమ్మా. తోటమాలికి దొరికిపోయాడు కూడా. ఇక లాడ్జి సంగతంటారా, అది గ్యాలరీకి శంకుస్థాపన చేసిన రోజే అనుకున్నాం. అప్పటికి ఆ టోర్నమెంటు మొదలే కాలేదు."

"మరి ఆవిడతో ఒక్క మాట అనలేకపోయారా అండి?"

"వాళ్ళకి సుఖమే కదా అనుకున్నాం. ఏమని అడుగుతాం?" అని, "కమిటీలో ఒక్క ఆడమనిషి లేదమ్మా" అన్నారు.

ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు నాకు. అందరూ మంచివాళ్ళే. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని నోరు మూసుకునే క్లబ్బుని ముంచేశారు.

ఆట నాలుగున్నరకి. అప్పటికి మూడు కావస్తోంది. రాజు గారు వైరు అక్కడే పడేసి పిన్ని ఇంటికి నడిచారు, వెనకాలే నేను. గుమ్మంలో నిలబడే చెప్పారాయన. "చెల్లెమ్మా, ఆ కుర్రాడు పడిపోయింది మీ వంట వల్ల కాదమ్మా. మామిడికాయలు తిన్నాడు. లాడ్జి మాట అంతకు ముందే అనుకున్నాం. మీకూ దానికీ ఏం సంబంధం లేదు."

పిన్ని, "ఈ మాట ఇన్నేళ్ళకా అన్నయ్య గారూ చెప్పడం?" అంది. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా వినిపించింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆ రాజమండ్రి పిల్లలు ఎంతమంది? ఆట అవగానే పంపండి, వండి పెడతాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాజు గారి మొహం వెలిగిపోయింది. గ్రౌండ్‌కి తిరిగొచ్చేటప్పుడు నేను ఆయనతో సమానంగా నడవలేకపోయాను.

అప్పటికి బస్సులు వచ్చేశాయి. రాజమండ్రి టీం కోచ్ ఒక చిన్నావిడ, చాలా మర్యాదస్తురాలు. రాజు గారు భోజనం సంగతి చెప్పగానే రెండు చేతులూ జోడించింది. "అయ్యో, ఆవిడకెందుకండీ అంత శ్రమ? ప్యాకెట్లు తిన్నారు, మళ్ళీ దారిలో ఏదో ఒకటి తినిపిస్తానండి. ఆట అవగానే బయల్దేరకపోతే హాస్టల్లో ఒప్పుకోరు" అంది. రాజు గారు ఇంకొకసారి అడిగారు. ఆవిడ ఇంకా మర్యాదగా కాదంది. నేను వెళ్ళి పిన్నికి చెప్పనా అని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "ఈసారైనా నేనే చెప్పాలమ్మా" అని మళ్ళీ ఆ రెండు వీధులూ నడిచారు.

ఆట మొదలయ్యేసరికి గ్యాలరీలో పదిహేనుమంది ఉన్నామేమో. పాత ఆటగాళ్ళు కొందరు, మిల్లు గుమస్తా, నేను. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. మొదటి సగం అవుతుండగా పిన్ని వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. రాజు గారు లేచి వచ్చి ఆవిడకి అటువైపు కూర్చున్నారు.

"వీళ్ళల్లో మనవాళ్ళు ఎవరు?" అంది.

"నీలం బట్టలవాళ్ళు చెల్లెమ్మా. రాజమండ్రి."

కాసేపు చూసింది. నీలం టీములో పొట్టిగా, చురుగ్గా ఒక పిల్ల ఉంది. ఇద్దరు పొడుగుపిల్లల మధ్యలోంచి దూరి బంతి వేసింది. పిన్ని ముందుకు వంగింది. "ఆ పిల్ల పేరేంటి?"

రాజు గారు నా వైపు చూశారు. నాకూ తెలియదు. చొక్కా వెనక అంకె తప్ప పేరు లేదు.

"పేరైనా తెలియకుండా ఏమని అరవనమ్మా?" అని పిన్ని వెనక్కి జారగిలబడింది.

నీలం టీమే గెలిచింది. మేమందరం చప్పట్లు కొట్టాం. రాజు గారు కప్పు ఇచ్చారు, అమ్మాయిలు ఫోటోలు దిగారు, వెలుగుండగానే రెండు బస్సులూ వెళ్ళిపోయాయి. నా పూతరేకులు పిన్ని చేతికిచ్చి నేనూ పాలకొల్లు ఆటో ఎక్కాను. రాజు గారు వెళ్ళి చెప్పేసరికే వండేసిన అన్నం ఏం చేసిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు బస్సులో దారంతా మనసు బాగోలేదు. ఓడిపోయి పోయిన క్లబ్బయితే ఇంత బాధ ఉండేది కాదు. డబ్బు లేక పోలేదు, గొడవలొచ్చి పోలేదు. అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే మాట అడక్క పోయింది. రాజు గారు తెలుసుకున్నారు, పిన్ని మనసులో బరువు దిగింది. అందుకు సంతోషించాలని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఏ పేరూ పిలవకుండా ఆట చూసిన ఆ కాసేపూ నాకు మింగుడు పడటం లేదు. వచ్చే నెల అక్కడ మేత బస్తాలు దిగుతాయి. ఇంక ఎవరు ఏం సరిదిద్దుకున్నా దానికి చోటు లేదు.

ఆటలకో, పెళ్ళికో, ఊరికే తిరగడానికో ఈ వైపు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తిరుగు బస్సు ఆఖరిదాకా ఖాయం చేసుకోకండి. పాలకొల్లు నుంచి రాజమండ్రికి చీకటి పడ్డాక కూడా బస్సులుంటాయి, కనుక్కుని వెళ్ళండి. ఎవరైనా మా ఇంట్లో భోజనం చేయమంటే, వాళ్ళ శ్రమ గురించి మీరు బాధపడకండి. లోపలికి వెళ్ళి, పీట మీద కూర్చుని, ముందు మీ పేరు చెప్పండి.